పుస్తకాన్ని అరలోనే ఉంచినందుకు పురస్కారం ఎందుకు?

అమెరికాలో ఫలానా పుస్తకం తీసివేయాలని ఒత్తిడి వచ్చినా లొంగని లైబ్రేరియన్లకు పురస్కారాలు ఇస్తారట, తమ ఉద్యోగం తాము చేసినందుకు సన్మానం ఎందుకు, అని అడిగారు.

ఇస్తారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయ శాస్త్ర విభాగం 1969లో నెలకొల్పిన రాబర్ట్ బి. డౌన్స్ పురస్కారం వాటిలో పేరున్నది. చాలా రాష్ట్రాల గ్రంథాలయ సంఘాలకు సొంత పురస్కారాలూ ఉన్నాయి. ఇలినాయ్‌లోనే ఒక పబ్లిక్ లైబ్రరీలో కొన్నేళ్లు పనిచేసి, ఒక సహోద్యోగిని పేరును ఇటువంటి పురస్కారానికి ప్రతిపాదించిన వారిలో ఒకడిగా ఈ జవాబు రాస్తున్నాను.

ఉద్యోగం చేశారన్నది నిజమే కానీ, ఆ ఉద్యోగం చేసినందుకే శిక్ష అనుభవించిన వారూ ఉన్నారు. ఓక్లహోమాలోని బార్ట్‌ల్స్‌విల్‌లో ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా ఉన్న రూత్ బ్రౌన్‌ను 1950లో తొలగించినప్పుడు, కొన్ని వామపక్ష పత్రికలను అందుబాటులో ఉంచారన్నది పైకి చెప్పిన కారణం. నల్లజాతి వారి సమాన హక్కుల కోసం ఆమె పనిచేయడం ఊరి పెద్దలకు కంటగింపు కావడం అసలు కారణం. పెన్సిల్వేనియాలోని బక్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోయా హార్న్, వియత్నాం యుద్ధ వ్యతిరేకులపై నడిచిన కేసులో సాక్ష్యం చెప్పనని నిరాకరించి 1972లో దాదాపు మూడు వారాలు జైల్లో ఉన్నారు. లైబ్రరీలో పనికి కుదిరిన ఒక ఖైదీ ఎఫ్‌బీఐకి వేగులా పనిచేశాడని తెలిసిన తరువాత, చదువుకునే చోట నిఘాకు తాను సాయపడనన్నది ఆమె వాదన. ఇప్పుడు కాలిఫోర్నియా గ్రంథాలయ సంఘం ఇచ్చే పురస్కారం ఆమె పేరిటే ఉంది.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది కనెటికట్ రాష్ట్రపు నలుగురు లైబ్రేరియన్ల కథ. 2005లో అక్కడి లైబ్రరీల ఉమ్మడి సంస్థ ఒకదానికి, కంప్యూటర్ వాడకపు వివరాలు ఇవ్వమంటూ ఎఫ్‌బీఐ నుంచి లేఖ వచ్చింది. న్యాయమూర్తి సంతకం లేని ఆ లేఖ అందిన సంగతి కూడా ఎవరికీ చెప్పకూడదన్నది షరతు. జార్జ్ క్రిస్టియన్, బార్బరా బెయిలీ, పీటర్ చేజ్, జానెట్ నోసెక్ కోర్టుకు వెళ్లారు కానీ, తామెవరో బయటపడకూడదు గనుక తమ కేసు విచారణకే నేరుగా హాజరు కాలేక, వేరే ఊరి కోర్టు భవనంలో కూర్చుని టీవీ తెరపై చూడవలసి వచ్చింది. ఇటువంటి లేఖల వాడకాన్ని విస్తరించిన పేట్రియట్ చట్టాన్ని 2006 మార్చిలో పొడిగించేదాకా వారి నోళ్లు కట్టేసే ఉంచి, ఆ తరువాతే నిషేధం ఎత్తివేశారు. మరుసటి ఏడాది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వారిని ధైర్యానికి ఇచ్చే పాల్ హోవర్డ్ పురస్కారంతో సత్కరించింది. దాదాపు ఏడాది పాటు ఇంట్లో వాళ్లతో కూడా మాట్లాడకూడని పని చేసిన వారికి, దాన్ని పదిమందిలో చెప్పుకునే అవకాశమే ఆ సన్మానమని నేననుకుంటాను.

మా లైబ్రరీలో జరిగింది ఇంత పెద్ద విషయం కాదు. పిల్లల విభాగంలోని ఒక బొమ్మల పుస్తకం తీసేయాలని ఒకరు పునఃపరిశీలన ఫారం నింపి ఇచ్చారు. పుస్తకం మొత్తం చదివారా, ఏ పేజీపై అభ్యంతరం, ఏం చేయమంటారు అని అందులో ప్రశ్నలుంటాయి. మొదటి ప్రశ్నకే ‘లేదు’ అని రాసి ఉంది. అయినా ఆ విభాగాధిపతి ఫారాన్ని పక్కన పడేయకుండా, కమిటీ సభ్యులందరి చేతా పుస్తకం చదివించి, సమీక్షలు జతచేసి, కారణాలతో నివేదిక రాశారు. బోర్డు సమావేశంలో ఆమెను ఎన్నో మాటలన్నారు. మాట్లాడే ప్రతి ఒక్కరికీ మూడు నిమిషాలు ఇచ్చారు, ఆమెకు మాత్రం బదులిచ్చే వీల్లేదు. పుస్తకం అరలోనే ఉంది.

మేము రాసిన ప్రతిపాదనకు పురస్కారం రాలేదు. కానీ దాని కోసం పోగుచేసిన ఫారం, నివేదిక, సమావేశపు మినిట్స్ అన్నీ ఒకే ఫైలులో చేరాయి. తరువాత మరో ఫిర్యాదు వచ్చినప్పుడు కొత్తగా చేరిన వారు ముందుగా చదివింది ఆ ఫైలునే. ఇటువంటి పనిలో విజయం సాధిస్తే బయటకు కనిపించేదేమీ ఉండదు, పుస్తకం ఉన్న చోటే ఉంటుంది, కాబట్టి ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే అది జరిగినట్టే తెలియదు. మన దగ్గర అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వారిని గ్రంథాలయాలు నెలకొల్పినందుకు తలచుకుంటాం; కళ్లెదుట భవనం, సంఘం ఉంటాయి గనుక అది సులువు.

ఉద్యోగమే పోయిన వారికి శాలువా కన్నా ముందు ఇంటి అద్దెకు డబ్బు కావాలి. అందుకు 1970 నుంచి లెరాయ్ మెరిట్ పేరిట ఒక సహాయ నిధి ఉంది. నన్నడిగితే విరాళం ఇవ్వదలచిన వారు అటు ఇవ్వడం మేలు.

మీకు తెలిసిన వారి పేరు ప్రతిపాదించాలనుకుంటే, కాగితాలు చేతికి అందుతుండగానే ప్రతులు తీసుకోండి. పొగడ్తలకన్నా ఏ తేదీన ఏం జరిగిందో వరుసగా రాసిన లేఖకే బలం ఎక్కువ. పంపేముందు వారి అనుమతి తప్పక తీసుకోండి. పత్రికలో పేరు రావడంతో చల్లారిన గొడవ మళ్లీ రాజుకోవచ్చు, అందుకే మా సహోద్యోగిని కూడా ఒప్పుకునే ముందు ఇంట్లో వారితో మాట్లాడి చెబుతానన్నారు.