తీర్మానాల పుస్తకంతో మొదలుపెట్టు, అమ్మలూ

గుంటూరు, బ్రాడీపేట

చి. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. మీ మహిళా పొదుపు సంఘాల మండల సమాఖ్య వాళ్లు తమ చరిత్రను పుస్తకంగా వేసుకోవాలనుకోవడం, ఆ పని నీ చేతిలో పెట్టడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఉద్యోగమంతా ఈ జిల్లా ఊళ్లలో ఆ సంఘాల మధ్యే గడిపినదాన్ని కాబట్టి, అడక్కపోయినా నాలుగు మాటలు చెబుతున్నాను.

ముందు నీ మొదటి వాక్యం సంగతి. ‘1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకాన్ని ప్రవేశపెట్టింది’ అని రాశావు. అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ మొదలుపెడితే ఇక పథకం వెనక పథకమే వస్తుంది. డ్వాక్రా, స్వర్ణజయంతి, వెలుగు, ఇందిర క్రాంతి పథం, పావలా వడ్డీ, సున్నా వడ్డీ. ఆడవాళ్లేమో లబ్ధిదారుల లెక్కల్లోనే ఉండిపోతారు. అలాంటి నివేదికలు ఆఫీసు బీరువాల్లో కావలసినన్ని ఉన్నాయి. మీ మండలంలో అన్నిటికన్నా పాత సంఘం ఏదో కనుక్కో. వాళ్లు మొదటిసారి కూర్చుని ఏం నిర్ణయించుకున్నారో అక్కడ మొదలుపెట్టు. పథకం ఆ తర్వాత, రావలసిన చోట వస్తుంది.

ఆ నిర్ణయం దొరికేది తీర్మానాల పుస్తకంలో. మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు వాటి వెంట పడు. కొన్ని ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం ఆఫీసులో ఉంటాయి. పాతవి చాలావరకు మాజీ లీడర్ల ఇళ్లలో అటక మీద, పాత ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. చెద పట్టినవి, ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో తూకానికి వేసేసినవి ఎన్నో. ఇంట్లో వాళ్లకు అవి పనికిరాని కాగితాలే. నువ్వు వెళ్లి అడిగిన రోజునే వాటికి విలువ వస్తుంది. అడగడం ఒక ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాదిలో కొన్ని పోతాయి.

పుస్తకం దొరికాక తీర్మానం వాక్యాలు చూసి నిరాశపడకు. ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని ప్రతి పేజీలో ఒకటే మాట ఉంటుంది. చదువు వచ్చిన ఒక పిల్ల, లేదంటే సంఘాల లెక్కలు రాసిపెట్టే యానిమేటర్, అలవాటైన భాషలో రాసుకుపోయిన మాటలవి. నువ్వు చూడాల్సింది వాటి చుట్టూ ఉన్నవి. అడుగున వేలిముద్రలు ఎన్ని, సంతకాలు ఎన్ని? ఐదేళ్ల తర్వాత పేజీల్లో అదే మనిషి వేలిముద్ర సంతకంగా మారిందా? ఆలస్యంగా వచ్చినవాళ్లకు జరిమానా ఎంత? రాకపోతే ఎంత? నెలకు ముప్ఫై రూపాయల పొదుపు ఎప్పుడు యాభై అయింది, ఎప్పుడు వంద అయింది? ఆ ఏడు పంట ఎలా ఉంది? ఎవరి పేరు హఠాత్తుగా ఆగిపోయింది?

నగదు పుస్తకం ఇంకా విలువైనది. అప్పు ఎందుకు తీసుకున్నారో రాసి ఉంటుంది. ఎరువులకు, గేదెకు, పిల్లాడి ఫీజుకు, ఆపరేషన్‌కు, కూతురి పురిటికి. సంఘంలో నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరికే రోజుల్లో బయట మూడు, నాలుగు, ఐదు రూపాయలు కూడా నడిచేది. ఆ తేడా ఒక ఇంటికి ఏడాదిలో ఎంత మిగిల్చిందో ఒక్క కుటుంబం లెక్క వేసి చూపించు. సాధికారత అనే మాట పది పేజీల్లో రాసేదానికన్నా అదే బాగా అర్థమవుతుంది.

ఇక మనుషుల దగ్గరికి వెళ్లే విషయం. మిరప కోతల కాలంలో వెళ్లకు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన వైపు ఆడవాళ్లు తెల్లవారుజామునే చేలకు పోతారు, లేదంటే కాయల తొడిమలు తీయడానికి కూర్చుంటారు. అప్పుడు నీతో మాట్లాడితే వాళ్లకు కూలి పోతుంది. మధ్యాహ్నం ఖాళీ ఉండే నెలలు చూసుకో. సమావేశంలో అందరినీ ఒకేసారి అడిగితే లీడరే మాట్లాడుతుంది, మిగతావాళ్లు తల ఊపుతారు. లీడర్లు తప్పుగా చెబుతారని కాదు. చెప్పి చెప్పి వాళ్ల కథ అరిగిపోయి ఉంటుంది, అధికారులకు చెప్పే పద్ధతిలోనే నీకూ చెబుతారు. విడివిడిగా ఇళ్లకు వెళ్లు. ‘సంఘం వల్ల మీకేం మేలు జరిగింది?’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకు అందరికీ జవాబు నోటికి వచ్చు. ‘మొదటి అప్పు ఎవరికిచ్చారు? ఆమెకే ఎందుకిచ్చారు? ఎవరు వద్దన్నారు?’ అని అడుగు. ‘మొదటి పొదుపు డబ్బులు ఎవరింట్లో దాచారు?’ అని అడుగు. ‘బ్యాంకులోకి మొదటిసారి వెళ్లినప్పుడు ఎక్కడ నిలబెట్టారు?’ అని అడుగు. ఇలాంటి ప్రశ్నలకు వాళ్లు గంటల తరబడి మాట్లాడగా విన్నాను.

సంవత్సరాలు చాలామందికి గుర్తుండవు. అందుకని వాళ్లకు గుర్తున్నవాటితో ముడిపెట్టు. 1977 నవంబరు ఉప్పెన, 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడం, 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన వరద. వీటన్నిటికన్నా పనికొచ్చేవి పుష్కరాలు. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016ల్లో వచ్చాయి. ‘సంఘం పెట్టింది పుష్కరాలకు ముందా, తర్వాతా? అప్పటికి పెద్దవాడు పుట్టాడా?’ అంటే ఏడాది అటూ ఇటూగా తేలిపోతుంది. ఆ తర్వాత బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూసుకో.

వెనకటి చరిత్ర ఒక అధ్యాయం కావాలి. మన ప్రాంతంలో ఆడవాళ్లు సంఘంగా కూడడం పొదుపుతో మొదలు కాలేదని అందులో గట్టిగా చెప్పు. 1902లోనే బండారు అచ్చమాంబ గారు మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. గుంటూరులో ఉన్నవ దంపతులు, లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు, 1922లో శారదా నికేతనం నెలకొల్పారు. అవి పట్నాల్లో పుట్టినవి, చదువు కోసం పెట్టినవి. ఊళ్ల దాకా వెళ్లినవి 1940ల నాటి మహిళా సంఘాలు. కమ్యూనిస్టు ఉద్యమం బలంగా ఉన్న కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో ఆడవాళ్లు సభలు పెట్టుకున్నారు. మోటూరు ఉదయం గారి లాంటివాళ్లు ఆడవాళ్లే దళంగా ఏర్పడి బుర్రకథలు చెప్పారు. ఆ కథలు చూసిన ముసలమ్మలు మీ ఊళ్లలో ఒకరిద్దరైనా మిగిలి ఉండొచ్చు. ఉంటే అన్నిటికన్నా ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు.

ఆ తర్వాత 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. గ్రామ సేవికలు వచ్చారు, మహిళా మండళ్లు వచ్చాయి, కుట్టు మిషన్లు, బాల్వాడీలు వచ్చాయి. మహిళా మండలి అంటే ఊళ్లో నాలుగు పెద్ద ఇళ్ల కోడళ్ల సంఘమని చాలామంది తేలిగ్గా కొట్టేస్తారు. చాలా ఊళ్లలో అది నిజమే. అయినా కొత్త కోడలు అత్తగారి అనుమతితో గడప దాటి ఒక గదిలో పదిమందితో కూర్చోవడం అప్పటికి చిన్న సంగతి కాదు. దాన్ని తీసిపారేయకుండా రాయి. కాకపోతే కూలికి పోయే ఆడవాళ్లు అందులో ఉన్నారా లేరా అన్నది తప్పకుండా అడుగు.

సారా ఉద్యమం గురించి నువ్వు రాసిన పేజీ బాగుంది, కానీ అంతా మన జిల్లాలోనే జరిగినట్టు ఉంది. దాని పుట్టిల్లు నెల్లూరు జిల్లా దూబగుంట. సాక్షరతా తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ గారి లాంటివాళ్లు, 1992లో సారా దుకాణాలకు అడ్డం నిలబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు, ఆ మాట కూడా రాయాలి. సారా మీద మిగిలిన రూపాయిని రోజుకొకటి చొప్పున దాచుకోవడం నెల్లూరులో పొదుపు లక్ష్మి ఉద్యమమైంది. 1982 నాటి డ్వాక్రా అప్పటిదాకా మందకొడిగా నడుస్తోంది, దానికి ప్రాణం వచ్చింది ఆ తర్వాతే. అంటే పథకంలో ఊపిరి పోసింది రోడ్డెక్కిన ఆడవాళ్లు. అందుకే నీ మొదటి వాక్యం గురించి ఇంతగా పట్టుబడుతున్నాను. మీ ఊళ్లో దుకాణం మూయించింది ఎవరు, దెబ్బలు తిన్నది ఎవరు, ఆ ఆడవాళ్లే తర్వాత పొదుపు సంఘం పెట్టారా అన్నది వెతికి, మీ ఊరి సంగతి మీ ఊరి సంగతిగానే రాయి.

తర్వాతి భాగం త్వరగా నడిపించవచ్చు. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఈ సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగాన్ని 500 సంఘాలతో మొదలుపెట్టింది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మీ సమాఖ్య రిజిస్ట్రేషన్ ఆ చట్టం కింద జరిగి ఉంటుంది, పత్రం తీయించి తేదీ చూడు. 2000లో వెలుగు మొదటి విడత వచ్చిన ఆరు జిల్లాల్లో మన గుంటూరు లేదు, మనకు తర్వాతి విడతలో వచ్చింది. నీ రాతలో 2000 అని ఉంది, దిద్దుకో.

ఆగి రాయాల్సింది మైక్రోఫైనాన్స్, అంటే చిన్న చిన్న అప్పులిచ్చే ప్రైవేటు కంపెనీల కాలం గురించి. దాన్ని వదిలేద్దామని సమాఖ్య వాళ్లు అంటారేమో, ఒప్పుకోవద్దు. సంఘంలో అప్పు ఉండగానే కంపెనీల దగ్గర ఇంకొకటి, దాని వాయిదా కట్టడానికి మరొకటి తీసుకున్న ఇళ్లు ఎన్నో. వారం వారం వసూలుకు వచ్చేవాళ్లు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లను ఆ ఇంటి ముందు కూర్చోబెట్టేవాళ్లు. ఆడవాళ్ల మధ్య ఏళ్లుగా పెరిగిన నమ్మకాన్నే వసూలుకు వాడుకున్నారు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది అదే. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని కంపెనీల శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వసూళ్లు నెలకోసారే, అదీ పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలని కట్టడి చేసింది. మరుసటి ఏడాది సంఘాల ఆడవాళ్లకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి వచ్చింది. ఆ రోజుల్లో మీ సంఘాలు ఏ ఇంటికి అండగా నిలిచాయి, ఏ ఇంటికి నిలవలేకపోయాయి? రెండూ రాయి.

సంఘం బయట ఉన్నవాళ్లను మరిచిపోవద్దు. నెలకు ముప్ఫై రూపాయలు కూడా కట్టలేక మానేసినవాళ్లు, వలస కూలీకి పోయి సమావేశాలకు రాలేకపోయినవాళ్లు, లీడర్‌తో పడక బయటికి వచ్చేసినవాళ్లు. సంఘాలు ఎక్కువగా ఏ వాడకు ఆ వాడగానే ఏర్పడ్డాయి. గ్రామ సంఘంలో అన్ని వాడలవాళ్లూ ఒకే చాప మీద కూర్చున్న మొదటి రోజు ఎలా జరిగిందో ఎస్సీ కాలనీ ఆడవాళ్లను అడుగు. ఆ జవాబు మిగతావాళ్లు చెప్పేదానికి భిన్నంగా ఉంటే, ఉన్నదున్నట్టు వెయ్యి.

కాగితాల కోసం తిరిగేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. 1985లో మండలాలు ఏర్పడక ముందు రికార్డులు పంచాయతీ సమితుల పేరుతో ఉంటాయి. ఒంగోలు వైపు ఊళ్లు 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా నుంచే పల్నాడు, బాపట్ల వేరుపడ్డాయి. నీకు కావలసిన ఫైలు ఇప్పుడు నరసరావుపేటలోనో బాపట్లలోనో ఉండొచ్చు. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం వెళ్లిరా. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, పాత పేపర్లను భద్రంగా దాచారు.

ఎవరి మాటలు రికార్డు చేసినా ముందు చెప్పి చెయ్యి. బాకీ పడ్డవాళ్ల పేర్లు ఎక్కడా అచ్చు వేయవద్దు, ఆ అప్పు తీరి ఇరవై ఏళ్లయినా సరే. గ్రూపు ఫొటోల్లో మధ్యలో నిలబడిన అధికారి పేరు అందరికీ తెలుస్తుంది. అంచుల్లో ఉన్నవాళ్ల పేర్లు అడిగి ఫొటో వెనక పెన్సిల్‌తో రాయి. ఒకే మనిషి పేరు రేషన్ కార్డులో ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటుంది. ఆమె ఎలా రాయమంటే అలా రాయి. పుస్తకాలు ఫొటోలు తీసుకున్నాక అసలువి ఎవరివి వాళ్లకు తిరిగిచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకో. అచ్చుకు పంపే ముందు ప్రతి అధ్యాయాన్నీ ఆ ఊరి సంఘం సమావేశంలో పైకి చదివి వినిపించు. వాళ్లు దిద్దే తప్పులు ఏ ఆఫీసులోనూ దొరకవు.

నా దగ్గర పాత శిక్షణ పుస్తకాలు, మహిళా మండళ్ల కాలం నాటి డైరీలు కొన్ని ఉన్నాయి. దసరా సెలవుల్లో వచ్చి తీసుకెళ్లు. రెండు రోజులు ఉండేలా రా, కూర్చుని మొదటి అధ్యాయం మళ్లీ రాద్దాం.

ఇట్లు
మీ పెద్దమ్మ