డాక్టర్ సలహా: లిగమెంట్ ఆపరేషన్ చేయిస్తే కాలికి ముప్పు ఉంటుందా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఊరు. మా అబ్బాయికి 19 ఏళ్లు. రెండు నెలల కిందట కబడ్డీలో కూతకి వెళ్లి వెనక్కి తిరిగేటప్పుడు మోకాలు టక్‌మందట, సాయంత్రానికే బాగా వాచింది. ఎమ్మారై తీయిస్తే ఏసీఎల్ అనే మోకాలి లోపలి లిగమెంట్ పూర్తిగా తెగింది, ఆపరేషన్ చేయాలన్నారు. చెన్నైలో ఒక అమ్మాయి ఇలాంటి ఆపరేషన్ తర్వాతే చనిపోయిందని మా వాళ్లు ఫోన్‌లో చూపించినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా ఆడపడుచేమో పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామంటోంది. వాడేమో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి టైం అయిపోతోంది, తొందరగా కానిచ్చేయండి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ చెన్నై సంగతే మాట్లాడుకుందాం. అది మనసులో పెట్టుకుని మిగతాది వింటే ఏదీ తలకెక్కదు.

అది 2022 నవంబరులో జరిగింది. ఆ అమ్మాయికి 17 ఏళ్లు, ఫుట్‌బాల్ ప్లేయర్, మీ వాడిలాగే మోకాలి లిగమెంట్‌కి కీహోల్ (చిన్న రంధ్రాల్లోంచి చేసే) ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ తర్వాత వేసిన బిగుతు కట్టును సకాలంలో వదులు చేయకపోవడం వల్ల కాలికి రక్తం ఆడలేదని తర్వాత బయటపడింది. వేరే పెద్దాసుపత్రికి మార్చి కాలు తీసేసినా ప్రాణం దక్కలేదు. కండరం అంత పెద్ద ఎత్తున చచ్చిపోతే దాంట్లోంచి రక్తంలోకి వచ్చి పడేవి కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, ఆ తర్వాత ఒక్కో అవయవం మొరాయిస్తుంది. చాలా అరుదైన సంగతి, కానీ అరుదు కదా అని నేను దాటేయను, ఎందుకంటే ఇది కనిపెడితే ఆపగలిగిన ప్రమాదం, కనిపెట్టాల్సిన మనుషుల్లో ఆ రాత్రి మంచం పక్కన కూర్చునే మీరూ ఒకరు.

మన పిక్కలో కండరాలు గట్టి సంచుల్లాంటి పొరల్లో ఉంటాయి, ఆ పొర సాగదు. ఆపరేషన్ తర్వాత లోపల వాపు వస్తుంది, పైన క్రేప్ బ్యాండేజ్ బిగుతుగా ఉంటే వాపు బయటికి పోయే దారి లేక లోపలే ఒత్తిడి పెరిగి సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. కొన్ని గంటలే టైం ఉంటుంది, ఆరు గంటలు దాటితే కండరం కోలుకోవడం కష్టం. నొప్పి ఎలా ఉంటుందంటే, ఇంజక్షన్ ఇచ్చినా తగ్గదు, గంట గంటకీ పెరుగుతుంది, పాదం వేళ్లను మీరు చేత్తో పైకి వంచితే పిక్కలో ప్రాణం పోయినట్టు అరుస్తాడు, పిక్క రాయిలా గట్టిగా తగులుతుంది, తర్వాత తిమ్మిరి, వేళ్లు పాలిపోవడం, చల్లబడటం. ఇక్కడ ఒక మెలిక ఉంది. వెన్నులో మత్తు ఇచ్చినా, తొడ దగ్గర నరానికి మత్తు సూది వేసినా మొదటి కొన్ని గంటలు నొప్పే తెలీదు, కాబట్టి వాడు హాయిగా ఫోన్ చూసుకుంటున్నాడని మీరు నిద్రపోవద్దు, గంటకోసారి వేళ్లు పట్టుకుని చూడండి. రెండో మెలిక, పాదం దగ్గర నాడి కొట్టుకుంటున్నా లోపల ఈ ప్రమాదం ఉండొచ్చు. అందుకని 'పల్స్ బాగానే ఉందమ్మా, పడుకోండి' అని ఎవరైనా అంటే ఊరుకోకండి, డ్యూటీ డాక్టర్ వచ్చి కట్టు వదులు చేసి చూసేదాకా పట్టుబట్టండి. గొడవపడే మనిషని పేరొచ్చినా ఫర్వాలేదు. ఇంటికొచ్చాక ఇలా అయితే కట్టు పూర్తిగా విప్పేసి, అదే నిమిషంలో ఆసుపత్రికి బయల్దేరండి.

ఇక మిగతా ఇబ్బందులు. చీము పట్టడం నూటికి ఒకరి కంటే తక్కువ మందికే జరుగుతుంది. కొంతమంది సర్జన్లు అమర్చే ముందు గ్రాఫ్ట్‌ని, అంటే తెగినదాని స్థానంలో పెట్టే కొత్త తాడుని, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లో తడిపి పెడతారు, దాంతో ఇంకా తగ్గింది. వస్తే మాత్రం మొదటి మూడు నాలుగు వారాల్లోనే ఎక్కువగా వస్తుంది. తగ్గుతూ వస్తున్న నొప్పి మళ్లీ ఎక్కువైతే, మోకాలు వేడెక్కి వాస్తే, జ్వరం వస్తే, కుట్ల దగ్గర తడి కనబడితే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. మన ఊళ్లలో జరిగేదేంటంటే ఆర్‌ఎంపీ దగ్గర నాలుగు రోజులు సూదులు వేయించుకుని, అది లోపల ముదిరాక వస్తారు. తొందరగా వస్తే కీహోల్‌లోనే కడిగి గ్రాఫ్ట్‌ని కాపాడగలుగుతాం.

రక్తం గడ్డకట్టడం కుర్రాళ్లలో తక్కువే. అయినా ఇంట్లో ఎవరికైనా గడ్డలు వచ్చిన చరిత్ర ఉన్నా, మీ వాడు సిగరెట్ తాగుతున్నా (మీ ఎదురుగా ఒప్పుకోడు, డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి) ముందే చెప్పాలి. పిక్క వాచి నొప్పెడుతుంటే నూనె మర్దన చేయొద్దు. పెద్దవాళ్లు ప్రేమగానే చేస్తారు, కానీ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే 108కి ఫోన్ చేయాలి. మోకాలి కింద చర్మం మీద అరచేయంత మేర మొద్దుబారడం మామూలే, చర్మానికి వెళ్లే చిన్న నరం కోతలో పోతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువగా నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు మోకాలు బిగుసుకుపోవడం, ఇందులో సగం తప్పు దిండుది. పిల్లాడికి సుఖంగా ఉంటుందని అమ్మలు మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు, ఆ వంపులోనే మోకాలు పట్టేసి తర్వాత పూర్తిగా చాచలేక కుంటుతాడు. దిండు మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో ఉండి తనంతట తాను చాచుకోవాలి. ఆపరేషన్‌కి ముందు కూడా అంతే, వాపు పోయి మోకాలు పూర్తిగా చాచగలిగాకే బల్ల ఎక్కించాలి. వాచి బిగుసుకున్న మోకాలికి కత్తి పెడితే అది ఇంకా బిగుసుకుంటుంది. మీ వాడికి రెండు నెలలైంది కాబట్టి వాపు పోయే ఉంటుంది, తొడ కండరం మాత్రం సన్నబడి ఉంటుంది, ముందు ఫిజియో దగ్గర ఒక నెల దాన్ని బలపరచండి. ఇది ఎమర్జెన్సీ ఆపరేషన్ కాదు. వాషర్, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్, చిరిగి మధ్యలో ఇరుక్కుని మోకాలు లాక్ అయిపోతే మాత్రం ఆగకూడదు.

అసలు ఆపరేషన్ అవసరమా అని మీరు అడగలేదు కానీ అడగాల్సిన ప్రశ్న అదే. స్వీడన్‌లో 121 మంది ఆటలాడే యువతీయువకుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్, ఇంకో గుంపుకి ముందు వ్యాయామం, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్ అని చూశారు, 2010లో మొదటి ఫలితాలు వచ్చాయి. రెండో గుంపులో ఐదేళ్లు గడిచేసరికి దాదాపు సగం మందికి ఆపరేషన్ అవసరమే పడలేదు, మోకాలి పరిస్థితీ రెండు గుంపుల్లో ఇంచుమించు ఒకేలా ఉంది. కాబట్టి మీ వాడు క్లర్క్ ఉద్యోగం చేసుకుంటూ సైకిల్ తొక్కుకుంటానంటే నేను ఆపరేషన్ లేకుండా చూద్దామనేవాణ్ని. కానీ కబడ్డీ, కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో లాంగ్ జంప్ అంటున్నాడు. ఉరుకుతూ ఒక్కసారి తిరగడం, ఎగిరి దిగడం, ఏసీఎల్ పని ఈ రెండు చోట్లే. మోకాలు తప్పుకుంటూ ఉంటే తప్పిన ప్రతిసారీ లోపల వాషర్ నలుగుతుంది. ఆ లెక్కన ఆపరేషన్ వైపే నా మొగ్గు.

పుత్తూరు కట్టు సంగతి. మీ ఆడపడుచు గారిని తక్కువ చేయను, ఆ కట్టు మీద మన జనానికున్న నమ్మకం నాకు తెలుసు. అయితే అక్కడికి వెళ్లేది విరిగిన ఎముకకి. ఏసీఎల్ మోకాలి కీలు మధ్యలో, జిగురు నీళ్లలో తేలుతూ ఉండే తాడు, పూర్తిగా తెగితే కొసలు దూరంగా జరిగిపోతాయి, పైనుంచి ఏ కట్టు కట్టినా అవి ఒకదాన్నొకటి చేరి అతుక్కోవడం కష్టం. పైగా బిగుతు కట్టు గురించి ఇంతసేపు చెప్పింది గుర్తుంచుకోండి.

చివరిది మీ వాడికి, దగ్గర కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఒరే నాన్నా, ఆపరేషన్‌లో నీ తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింద నుంచో తీసి పెట్టే తాడు (టెండన్) ముందు బలహీనపడి, తర్వాత కొత్త రక్తనాళాలు పట్టి మళ్లీ గట్టిపడుతుంది. రెండో మూడో నెలల్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఉరకాలనిపిస్తుంది, లోపల తాడు మాత్రం సరిగ్గా అప్పుడే బాగా బలహీనంగా ఉంటుంది. 25 ఏళ్ల లోపు వాళ్లలో ఆటకి తిరిగి వెళ్లినవాళ్లని చూస్తే నలుగురైదుగురిలో ఒకరికి మళ్లీ తెగుతోంది, ఆ కాలైనా రెండో కాలైనా. తొమ్మిది నెలల లోపు దిగినవాళ్లకి ఇంకా ఎక్కువ. తొమ్మిది నెలలూ అయ్యాక కూడా రెండు కాళ్ల బలం ఫిజియో కొలిచి, తెగిన కాలు రెండోదానిలో కనీసం నూటికి 90 వంతులు వచ్చిందంటేనే మైదానం. ఈ నోటిఫికేషన్ పోతే పోనీ, వచ్చేదానికి 1600 మీటర్లు రెండు కాళ్ల మీద ఉరుకు. దాతల నుంచి తీసుకున్న గ్రాఫ్ట్ పెట్టిద్దాం, తొందరగా కోలుకుంటావని ఎవరైనా అంటే నీ వయసులో వద్దని చెప్పు, అవి కుర్రాళ్లలో ఎక్కువగా తెగుతాయి.

అమ్మా, ఆపరేషన్‌కి ముందు ఒకసారి వాడిని తీసుకుని ఆ సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీస్తారో, ఆపరేషన్ రోజు రాత్రి వార్డులో ఎవరుంటారో, కట్టు ఎప్పుడు విప్పి చూస్తారో అడగండి. రాత్రి రెండింటికి కాలు చల్లబడితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కాగితం మీద రాయించుకుని మరీ రండి.