యుద్ధాన్ని ఆపడంలో దైవభక్తి పాత్ర ఎంత?

ప్రపంచంలో ఇన్నిచోట్ల యుద్ధాలు సాగుతుండగా గుళ్లలోనూ మసీదుల్లోనూ చర్చిల్లోనూ చేసే ప్రార్థనల వల్ల నిజంగా శాంతి వస్తుందా, లేక అవి మన మనసుకు ఊరట మాత్రమేనా అని మీరు అడిగారు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయని నేను అనుకుంటున్నాను. యుద్ధానికి బిడ్డను పంపిన ఇంటికి కావలసిన శాంతి ఒకటి, పోరాడుతున్న రెండు పక్షాల మధ్య కుదరవలసిన శాంతి మరొకటి. మొదటిదాన్ని భక్తి ఇస్తుందని నేను సందేహం లేకుండా చెప్పగలను. 1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు మా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. ఉత్తరం ఆలస్యమైన ప్రతిసారీ మా అమ్మ ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకునేది. ఆ మొక్కే లేకపోతే ఆమెకు ఆ రోజుల్లో ముద్ద దిగేది కాదు. ఆ ఊరటను తక్కువ చేసి మాట్లాడేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. అయితే అది యుద్ధాన్ని ఆపిందని ఆమె కూడా ఎన్నడూ అనలేదు.

రెండో ప్రశ్నకు జవాబు నాకు మా ఊళ్లో దొరికింది. మాది కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని ఒక పల్లె. నా చిన్నతనంలో అక్కడ రెండు కుటుంబాల మధ్య పొలం నీళ్ల దగ్గర మొదలైన తగాదా ముఠాకక్షగా మారి, ఇరువైపులా ప్రాణాలు తీసింది. అందులో ఒక వర్గం మా మేనమామలది. యుద్ధమంటే దేశాల మధ్యనే జరగాలని లేదు. రాత్రిపూట దీపాలు ఆర్పుకొని పడుకున్న ఊరికి భయం ఎక్కడైనా ఒకటే. పెద్దమనుషులు పంచాయితీలు పెట్టారు, అధికారులు ఇరువర్గాలనూ కూర్చోబెట్టి కాగితాల మీద సంతకాలు చేయించారు, ఏదీ నిలవలేదు.

మా ప్రాంతంలో మొహర్రంకు జరిగే పీర్ల పండుగ ముస్లింలకు మాత్రమే పరిమితమైనది కాదని తెలియనివారి కోసం చెబుతున్నాను. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరకు వచ్చే జనంలో ఎక్కువమంది హిందువులే. మా పల్లెలోనూ కక్షపడ్డ ఆ రెండు కుటుంబాల్లో పెద్ద పీరును ఎత్తే హక్కు ఒకరిది, పండుగకు తవ్వి నిప్పు వేసే గుండానికి కట్టెలు తెచ్చే హక్కు రెండోవారిది. కక్షలు మొదలయ్యాక గుండం వెలగలేదు. ప్రతి వర్గమూ పండుగను తామొక్కరమే జరుపుకుంటామని, ఖర్చంతా తామే భరిస్తామని పీర్లను చూసుకునే ముజావర్‌కు కబురు పెట్టింది. ఆయన చాలా పేదవాడు, అయినా ఎవరి సొమ్మూ ముట్టుకోలేదు. రెండిళ్ల పెద్దలూ కలిసి తొలి గుద్దలి వేస్తే గుండం తవ్విస్తానని, లేకపోతే పీర్లు పెట్టెలోనే ఉంటాయని చెప్పాడు. కొన్నేళ్లు అవి పెట్టెలోనే ఉన్నాయి. ఆ ఏళ్లలో బిడ్డలకు జబ్బు చేసినప్పుడు చక్కెర చదివిస్తామని మొక్కుకున్న ఆడవాళ్లు, ఆ మొక్కు తీర్చే దారి లేక రెండిళ్లలోనూ మగవాళ్లను నిలదీశారు. చివరకు ఒక మొహర్రం నాడు ఇద్దరు పెద్దలూ వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, కానీ ఒకే గుద్దలిని ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. ఆ తర్వాత ఊళ్లో హత్య జరగలేదు.

శత్రువు గడప తొక్కితే పరువు పోతుందని భావించే మనిషి, పీరు ముందు తల వంచితే పరువు పోయిందని అనుకోడు. పోరాడుతున్నవాడికి ఆగాలని ఉన్నా ఆగే చోటు దొరకదు. ఎవరికీ లొంగకుండా ఆగగలిగే ఆ చోటును భక్తి చూపగలదని నా నమ్మకం. అయితే అప్పటికే రెండు వర్గాలూ వకీళ్లకు డబ్బు పోసి అలసిపోయాయని, పొలాలు బీడు పడ్డాయని కూడా చెప్పాలి. కోర్టు కేసులు ఆగలేదు. మా మేనమామ ఇంట్లో భర్తను పోగొట్టుకున్న ఆమె అవతలి ఇంటివారితో చివరిదాకా మాట్లాడలేదు, మాట్లాడమని ఆమెను ఎవరూ అడగలేదు, అడగకపోవడమే న్యాయం.

దేశాల స్థాయిలోనూ ఇదే తీరు నాకు కనిపిస్తుంది. ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో 1977 నుంచి సాగిన అంతర్యుద్ధంలో సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఫ్రెలిమో ప్రభుత్వం, రెనామో తిరుగుబాటుదారులు ఒకరినొకరు గుర్తించడానికే ఒప్పుకోని దశలో, బేరా నగర ఆర్చిబిషప్ జైమే గొన్సాల్వెస్ రెనామో నాయకుణ్ణి కలుసుకోవడానికి అడవికి వెళ్లాడు. రోమ్‌లోని సంత్ ఎజీడియో అనే కాథలిక్ భక్తసమాజం వారిని తన ఆవరణలో కూర్చోబెట్టి, రెండేళ్లకు పైగా ఓపికగా మాట్లాడించింది. 1992 అక్టోబర్ 4న ఒప్పందం కుదిరింది. ఆ సమాజానికి సైన్యం లేదు, ఇరుపక్షాల నుంచి అది ఆశించిన లాభమూ లేదు. అక్కడ కూడా కరువు, బయటి దేశాల సాయం తగ్గిపోవడం ఇరుపక్షాలనూ మెత్తబరిచాయి, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి బలగాలు కాపలా కాయవలసి వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో 2005లో బ్రిటిష్ పాలనపై పోరాడిన సాయుధ సంస్థ ఐ.ఆర్.ఏ. తన ఆయుధాలను నిర్వీర్యం చేసినప్పుడు సాక్షులుగా నిలిచినవారు అలెక్ రీడ్ అనే కాథలిక్ ఫాదర్, హెరాల్డ్ గుడ్ అనే మెథడిస్టు పాస్టరు. ప్రభుత్వం మాటను నమ్మనివారు కూడా ఈ ఇద్దరి మాటను నమ్ముతారన్న ఆశతోనే వారిని ఎంచుకున్నారు.

భక్తి ఉన్నంత మాత్రాన ఇలా జరుగుతుందని నేను అనను. రువాండాలో ఎక్కువమంది క్రైస్తవులే, అయినా 1994 నరమేధంలో ప్రాణభయంతో చర్చిల్లో తలదాచుకున్నవారిని ఆ చర్చిల్లోనే చంపారు. మతపెద్దలలో కొందరు హంతకుల పక్షాన నిలిచారు. 2017లో పోప్ ఫ్రాన్సిస్ చర్చి వైఫల్యానికి దేవుడి క్షమాపణ వేడుకున్నారు. మతపెద్ద ఒక పక్షం సొమ్ము తిన్నా, ఒక పక్షం గెలుపునే దేవుడి గెలుపుగా ప్రకటించినా అతను మధ్యవర్తిగా పనికిరాడు. మా ముజావర్ ఆ సొమ్ము తీసుకొని ఉంటే ఊళ్లో రెండు పీర్ల చావిళ్లు వెలిసేవి, రెండు గుండాల దగ్గరా కత్తులు లేచేవి.

రాజులకు కలిగే పశ్చాత్తాపం గురించి కూడా మా జిల్లాలోనే ఒక సాక్ష్యం ఉంది. గుత్తి, పత్తికొండల మధ్య ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అందుకు తాను దుఃఖిస్తున్నానని పదమూడో శాసనం చెబుతుంది. కళింగలోని ధౌళి, జౌగడ బండల మీద మాత్రం ఆ శాసనాన్ని చెక్కించలేదు. అంతేకాక, అదే శాసనంలో అడవి జాతులకు హెచ్చరిక ఉంది, కళింగను ఆయన తిరిగి ఇవ్వనూ లేదు. ఆ దుఃఖాన్ని నేను అబద్ధమని అనను, కానీ గెలిచిన తర్వాత కలిగే ధర్మచింతన చనిపోయినవారికి ఎంత ఆలస్యంగా చేరుతుందో అక్కడ నిలబడినప్పుడు నాకు అర్థమైంది. దానికంటే పన్నెండో శాసనం మీ ప్రశ్నకు దగ్గరగా ఉంది. తన మతాన్ని పొగుడుకుంటూ ఇతరుల మతాన్ని నిందించేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడని అందులో ఉంది.

కాబట్టి మీరు ప్రార్థన చేసే చోట మన సైనికుల క్షేమంతో పాటు అవతలివైపు చనిపోయినవారిని కూడా తలుచుకోమని మీ పెద్దలను అడగండి. వారు ఒప్పుకుంటారా లేదా అన్నదాన్ని బట్టి ఆ ప్రార్థన ఎటు నడుస్తోందో మీకే తెలుస్తుంది. అలాగే మీ ఊళ్లోని గుడి, మసీదు, చర్చి పెద్దలకు ఒకరి ఇంటికి ఒకరు వెళ్లే అలవాటు ఉందో లేదో చూడండి, లేకపోతే ఊరు ప్రశాంతంగా ఉన్న ఈ రోజుల్లోనే దాన్ని మొదలుపెట్టించండి.