దెబ్బ ఎంత తగులుతుందో నడిపేవాళ్లని బట్టి ఉంటుందా?

ప్రశ్న: మా వాడికి 17, బండి బాగానే నడుపుతాడు. వయసుకీ యాక్సిడెంట్‌లో తగిలే దెబ్బకీ సంబంధం ఉంటుందా అండీ? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఉంటుందమ్మా, చాలా ఉంటుంది. బండి నడపడం వేరు, ముందున్న ఆటో సడన్‌గా ఆగుతుందని పసిగట్టడం వేరు, అది రోడ్డు మీద తిరగ్గా తిరగ్గానే వస్తుంది, అందుకే కొత్తవాళ్లు బ్రేక్ లేటుగా వేసి ఆ స్పీడు మీదే గుద్దేస్తారు. స్పీడు రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగింతలు. పెద్దవయసు వాళ్లు మెల్లగానే వెళ్తారు గానీ ఎముకలు గుల్లబారి ఉంటాయి కదా, చిన్నగా పడినా తుంటి విరుగుతుంది. మందు తాగినవాళ్లకైతే హెల్మెట్ బకిల్ పెట్టుకోవాలన్న ధ్యాసే ఉండదు, పడగానే అది ఎగిరిపోతుంది. మీవాడికి 18 నిండి లైసెన్స్ వచ్చేదాకా తాళం ఇవ్వకండమ్మా, ప్లీజ్. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించిన తర్వాత మైనర్ బండితో నేరం చేస్తే తల్లిదండ్రులకి 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా కూడా.