మా పెదనాన్న మోడళ్లు ఎవరెవరి ఇళ్లకు చేరాయంటే

మీ నాన్నగారు పోయాక ఆయన చేసిన చిన్న మోడల్ విమానాలు, కొన్న మోడల్ రైళ్లు రెండు బీరువాల నిండా ఉన్నాయనీ, పారేయడానికి చేతులు రావడం లేదనీ మీరు రాశారు. మూడేళ్ల క్రితం మా పెదనాన్న పోయినప్పుడు నాదీ ఇదే పరిస్థితి.

ముందుగా, ఖాళీ అట్టపెట్టెల్ని దయచేసి పారేయకండి. నేను సర్దుడు మొదలుపెట్టిన రోజే ఒక గోనెసంచి నిండా పారేశాను. తర్వాత ఏ ఇంజన్ ఏ కంపెనీదో తెలియక, ఒక్కోదాన్నీ తిరగేసి అడుగున ఉన్న సన్నటి అక్షరాల్ని భూతద్దంతో చదవాల్సి వచ్చింది. సేకరించేవాళ్లకు పెట్టెతో సహా ఉంటేనే ఎక్కువ ఇష్టం.

తర్వాత స్కేలు ప్రకారం, అంటే అసలుదానిలో మోడల్ ఎన్నో వంతో దాన్నిబట్టి వేరు చేయండి. విమానాలు ఎక్కువగా 1:72 (అసలులో 72వ వంతు), 1:48 ఉంటాయి. రైళ్లకైతే రెండు పట్టాల మధ్య దూరం కొలవండి. 9 మిల్లీమీటర్లుంటే చాలావరకు ఎన్ అనే స్కేలు. 16.5 ఉంటే హెచ్‌ఓ (1:87) గానీ ఓఓ (1:76) గానీ అనే స్కేలు అయ్యుంటుంది. ఇవేమీ రాయకుండా నేను "పాత రైలు బొమ్మలు ఇవ్వబడును" అని ప్రకటన పెడితే, పిల్లలు ఆడుకోవడానికి కావాలన్నవాళ్లే ఫోన్ చేశారు.

మొదలుపెట్టని కిట్ల (ఇంకా అతికించని విడిభాగాల పెట్టెల) గురించి టెన్షన్ పడకండి, చేసేవాళ్లు సంతోషంగా తీసుకెళ్తారు. కష్టమంతా చేసి పెట్టినవాటితోనే. ఒక మ్యూజియంవాళ్లను అడిగితే చోటు లేదని మర్యాదగానే చెప్పారు. చివరికి మోడళ్లు చేసేవాళ్ల క్లబ్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పెదనాన్న చేసిన యుద్ధనౌక మోడల్‌ను రెండు చేతులతో ఎత్తి, స్తంభం నుంచి స్తంభానికి కట్టిన వెంట్రుకంత పోగును చూపించి, "ఇది దారం కాదమ్మా. కిట్‌లో మిగిలిన ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి సాగదీశాడు మీ పెదనాన్న" అన్నారు. ఆ నౌక పదేళ్లుగా మా కళ్లెదుటే ఉంది, నాకు ఆ సంగతే తెలియదు. దాన్ని ఆయనకే ఇచ్చేశాను. ఎంత వస్తుందని బేరం ఆడాలనిపించలేదు. నా మాట వింటే మీరు కూడా చేసినవాటికి ధర కన్నా చూసే కన్నున్న మనిషిని వెతకండి. దొరకడానికి నాకు ఏడు నెలలు పట్టింది, పట్టనివ్వండి.

పంపేటప్పుడు బబుల్ రాప్ నేరుగా రంగు మీద చుట్టొద్దు, అచ్చులు పడతాయి. ముందు మెత్తటి టిష్యూ కాగితం చుట్టండి. బ్యాటరీలుంటే తీసేయండి. తోకలు, యాంటెన్నాలు ముందే విరిగి ఉంటే ఆ ముక్కల్ని చిన్న కవర్లో వేసి దానితోనే పంపండి, తీసుకున్నవాళ్లు అతికించుకుంటారు. ఎవరు చేశారో, ఏ ఏడాదో ఒక చీటీ మీద రాసి పెట్టండి.

అన్నీ ఇచ్చేయకండి. సగంలో ఆగిన ఒక విమానం నా దగ్గరే ఉంది. కాక్‌పిట్ అద్దం మీద రంగు అంటకుండా పెదనాన్న అంటించిన టేపు ఇంకా అలాగే ఉంది. నేను తీయలేదు.