వాన నీళ్ల పైపు పగిలితే పైపైన అతికించకండి, కోసి ముక్క మార్చండి

మిద్దె మీంచి దిగే వాన నీళ్ల పైపు గోడ దగ్గర చీలింది, భూమిలోకి పోయే చోట కూడా నీళ్లు పైకి తన్నుతున్నాయి, లైను మొత్తం మార్చాలా, అతికిస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. మొత్తం మార్చక్కర్లేదు. కానీ చీలిక మీద ఎం-సీల్ ముద్ద పెట్టి, టేపు చుట్టి వదిలేసే పని మాత్రం చేయొద్దు. మాది కర్నూలు, నల్లరేగడి నేల. మా ఇంట్లోనూ, మా నాన్న వాళ్ల పాత ఇంట్లోనూ ఈ రిపేరు నేనే దగ్గరుండి చేసుకున్నా కాబట్టి చెప్తున్నా.

సీమలో వాన పడేదే తక్కువ, ఎప్పుడో ఒకసారి కారితే ఏమైతుందిలే అనుకుంటారు చాలామంది. పడే రోజులు తక్కువే గానీ, పడినప్పుడు కుమ్మరించి పోతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 5 సెంటీమీటర్ల వాన పడిందంటే 4,600 లీటర్ల నీళ్లు, అవన్నీ ఆ ఒకటి రెండు పైపుల్లోంచే దిగాలి. నల్లరేగడేమో ఎండలకు నెర్రెలు విచ్చుతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. పగిలిన పైపు నీళ్లన్నీ పునాది పక్కనే పోస్తూ ఉంటే ఆ మూల ఒక్కటే నేల లేచి గోడ పగుళ్లిస్తుంది. అప్పుడు పైపు ఖర్చు ఎక్కడ, గోడ ఖర్చు ఎక్కడ!

ముందు ఎక్కడ పోతోందో చూసుకోండి. పైనుంచి రెండు మూడు బకెట్ల నీళ్లలో పసుపు కలిపి పోయండి. అవతల కాలువలోకి పచ్చ నీళ్లు వచ్చే లోపల గోడ మీద, బండల సందుల్లో ఎక్కడ పచ్చగా కనిపిస్తే అక్కడే మీ పని. అసలు బయటికే రాకపోతే పగులు కంటే ముందు అడ్డం ఉన్నట్టు. మా నాన్న వాళ్ల ఇంట్లో తవ్వి చూస్తే జాయింటు సందులోంచి వేపచెట్టు వేరు దూరి, లోపల జడలాగా పెరిగి పైపును సగానికి పైగా మూసేసింది. రబ్బరు రింగు పక్కకు జరిగిపోయి ఉంది. అలాంటిచోట పైన ఎంత అతికించినా లాభం లేదు.

గోడ మీది పైపు సులువు. చీలిక కనిపించినదానికి పైనా కిందా జానెడు ఎక్కువ వదిలి ఆక్సా బ్లేడుతో తిన్నగా కోయండి, ఎందుకంటే సన్నటి నెర్ర కంటికి కనిపించే దానికన్నా ముందుకు పోయి ఉంటుంది. కోసిన అంచును గీకి నున్నగా చేసి, క్లాంపులు వదులు చేసి, అదే సైజు ముక్క పెట్టాలి. ఇక్కడ ఒక చిక్కుంది. రెండు పైపు ముక్కల్ని కలిపే మామూలు కప్లర్ లోపల మధ్యలో చిన్న గట్టు ఉంటుంది, రెండు చివరలా బిగిసి ఉన్న లైన్లో అది ఎక్కదు. గట్టు లేని రిపేర్ కప్లర్ అడగండి, దొరక్కపోతే ప్లంబర్లు ఆ గట్టునే ఆకురాయితో అరగదీసి పైపు మీదికి పూర్తిగా తోసి, ముక్క పెట్టాక వెనక్కి లాగుతారు. పైపులు అతికించే సొల్యూషన్ పూసేదైతే తడీ దుమ్మూ లేకుండా తుడిచి, రెండు వైపులా పూసి, కొంచెం తిప్పుతూ తోసి అరనిమిషం పట్టుకోండి. మర్నాటి దాకా నీళ్లు వదలొద్దు.

రబ్బరు రింగు రకమైతే సబ్బు నీళ్లు రాయండి, గ్రీజు, నూనె వద్దు, రింగు పాడైపోతుంది. పైపును పూర్తిగా తోసి, పెన్సిల్‌తో గీత గీసి, మళ్లీ ఒక సెంటీమీటరు బయటికి లాగి వదిలేయండి. మన ఎండలకు మూడు మీటర్ల పైపు అర సెంటీమీటరు దాకా సాగుతుంది, ఆ సందు లేకపోతే జాయింటు దగ్గరే వంగి చీలుతుంది. ఎండ పడే పైపుకు పెయింటు వేస్తే ఇంకా మంచిది, వేయకపోతే కొన్నేళ్లకు పెళుసెక్కి చిన్న దెబ్బకే పగులుతుంది.

పాత ఇల్లయి, పైపు ఆస్బెస్టాస్ సిమెంటుదైతే మాత్రం పొడిగా రంపం పెట్టకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఆ పైపును తడిపి, పగలగొట్టకుండా జాయింటు దగ్గర విప్పి తీసేసి, పీవీసీ వేసుకోండి.

భూమిలోది ఓపికతో చేయాల్సిన పని. పగిలిన చోటు ఒక్కటే కాదు, అటూ ఇటూ మంచి పైపు కనిపించేదాకా తవ్వండి. తవ్విన నల్లమట్టి, రాళ్లు మళ్లీ పైపు మీద వేయకండి. కిందా చుట్టూ బెత్తెడు ఇసుక వేస్తే నేల కదిలినా పైపు మీద ఒత్తిడి తగ్గుతుంది. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉండాలి, మేస్త్రీల లెవెల్ పైపుతో చూసుకోవచ్చు. సాకెట్ నోరు, అంటే పైపుకు వెడల్పుగా ఉండే చివర, ఎప్పుడూ నీళ్లొచ్చే వైపే ఉండాలి. బండి ఎక్కే చోటైతే ఇసుక మీద కడప బండ పరిచి పూడ్చండి.

పనిలో పనిగా ఆ నీళ్లను ఇంకుడు గుంతకు కలిపితే చాలా మంచిది. నల్లరేగడైతే గుంత పునాదికి పది అడుగుల దూరమన్నా ఉండాలి. లెట్రిన్ లైనుకు మాత్రం కలపకండి, పెద్ద వానకు మురుగు వెనక్కి తన్ని ఇంట్లోకొస్తుంది. జూన్‌కి ముందే మొదలుపెట్టండి, పూడ్చే ముందు పైనుంచి గట్టిగా నీళ్లు వదిలి ప్రతి జాయింటూ చేత్తో తడిమి చూడండి.