హియర్, లిజన్, హీడ్: మూడూ ‘వినడమే’ అయితే తేడా ఎక్కడ?

మీరు అడిగింది ఇదీ: హియర్, లిజన్, హీడ్ మూడింటికీ తెలుగులో ‘విను’ అనే చెప్తున్నారు, మరి హీడ్ ఎప్పుడు వాడాలి, ‘హి డిడ్ నాట్ హీడ్ టు మై అడ్వైస్’ అని రాస్తే టీచర్ ఎందుకు కొట్టేశారు అని. ఈ మాట దగ్గర నేనూ ఒకసారి మార్కు పోగొట్టుకున్నాను. ఆ తర్వాత వారం తిరక్కుండానే మా ఇంట్లోనే దాని అర్థం తెలిసొచ్చింది, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె, చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. 2018లో నేను శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్నాను. అక్టోబరు మొదట్లో ఒక మాక్ టెస్టులో ఖాళీ పూరించమని ఈ వాక్యం వచ్చింది: ‘ది విలేజర్స్ డిడ్ నాట్ డాష్ ది వార్నింగ్.’ ఆప్షన్లు హియర్, లిజన్, హీడ్, అటెండ్. నేను లిజన్ పెట్టాను. ‘ఊరివాళ్లు హెచ్చరిక వినలేదు’ అని ముందు తెలుగులో అనుకుని దానికి ఇంగ్లీషు వెతికితే మనలో చాలామంది అదే పెడతారు.

సార్ వివరించింది ఇప్పటికీ గుర్తుంది. లిజన్ తర్వాత టు లేకుండా ‘ది వార్నింగ్’ రాదు, కాబట్టి గ్రామర్ దగ్గరే అది పోయింది. హియర్ పెడితే గ్రామర్ సరిపోతుంది కానీ కథ మారిపోతుంది, హెచ్చరిక వాళ్ల చెవి దాకా రాలేదని అర్థం వస్తుంది, అప్పుడు వాళ్ల తప్పేమీ లేనట్టే. అటెండ్ అంటే క్లాసుకో పెళ్లికో వెళ్లడం, శ్రద్ధ పెట్టడం అనే అర్థంలో వాడాలంటే దానికీ టు కావాలి. హీడ్ పెడితేనే విన్నారు, అర్థమైంది, అయినా దాని ప్రకారం నడుచుకోలేదు అనే అర్థం వస్తుంది. నోట్సులో రాసుకున్నాను, దసరా దగ్గరపడుతోందని ఇంటికి వచ్చేశాను.

10వ తేదీ సాయంత్రం మా ఊళ్లో ఆటోకి మైకు కట్టి తిప్పారు. తుపాను వస్తోంది, పెంకుటిళ్లలో, పాకల్లో ఉన్నవాళ్లు స్కూలు బిల్డింగులోకి వెళ్లండి, పశువుల పలుపులు విప్పేయండి, చెట్ల కింద కట్టకండి అని. ఆటో మా వీధిలోకి మూడుసార్లు వచ్చింది. మాది పెంకుటిల్లే. నానమ్మ అరుగు మీద కూర్చుని నాన్నని అడిగింది:

“ఒరే, మైకులో సెప్తున్నది ఇన్నావా?”

“ఇన్నానే అమ్మా.”

“ఇంటే లెగవేటి మరి?”

నాన్న లేవలేదు. ఆయన మొండితనంతో అలా చేశాడని నేను అనను, ఆయన లెక్క ఆయనకుంది. 2013లో ఫైలిన్ అన్నారు, అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మా తోటలో కొన్ని చెట్లు పోయాయి గానీ ఇల్లు నిలబడింది. 2014లో హుద్‌హుద్ అన్నారు, అది విశాఖపట్నం మీదికి పోయింది. రెండుసార్లు స్కూల్లో పడుకుని తెల్లారి ఇంటికి వచ్చిన మనిషి, మూడోసారీ అంతేలే అనుకున్నాడు. నేనూ ఏమీ అనలేదు. ఫోన్లో వాతావరణ శాఖ బులెటిన్ ఇంగ్లీషులో చదివి, అందులో ప్రతి మాటకీ అర్థం తెలిసి కూడా, పక్క దులుపుకుని పడుకున్నాను.

ఆ తుపాను, తిత్లీ, 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా వెళ్లింది. పెంకులు ఒక్కొక్కటీ లేచి గోడలకి కొట్టుకుంటుంటే మేం నలుగురం మంచం కింద దూరి, నానమ్మని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. మాకెవరికీ ఏమీ కాలేదు. తెల్లారి తలుపు తీస్తే తోట అంతా నేల మీద ఉంది, పశువుల పాక మీద కొబ్బరి చెట్టు అడ్డంగా పడి ఉంది. కింద మా ఆవు. పలుపు మెడకి అలాగే ఉంది, రాటకి బిగుసుకుపోయి ఉంది. అది లాగిన గుర్తులు మట్టిలో కనిపించాయి.

పలుపులు విప్పేయండి అన్న మాట మేం వినలేదా అంటే మూడుసార్లు విన్నాం. ఇంగ్లీషులో రాస్తే ‘వియ్ హెర్డ్ ది వార్నింగ్. వియ్ డిడ్ నాట్ హీడ్ ఇట్.’ ఈ రెండు వాక్యాలకీ మధ్య ఎంత దూరం ఉందో నాకు ఆ పాక దగ్గర అర్థమైంది, మాక్ టెస్టు దగ్గర కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నలోకి వస్తాను. మనకి తికమక ఎందుకంటే తెలుగులో ‘విను’ రెండు పనులూ చేస్తుంది. ‘పాట విన్నాను’ అంటే చెవి పని. ‘వాడు మాట వినడు’ అంటే వాడికి చెవుడని కాదు కదా, చెప్పినట్టు చెయ్యడని. ఈ రెండో ‘వినడం’ ఉందే, అదే హీడ్. తెలుగులో దీనికి మంచి మాటలే ఉన్నాయి, మనకి ఇంగ్లీషు రాసేటప్పుడు గుర్తు రావంతే: చెవిన పెట్టడం, లక్ష్యపెట్టడం, ఖాతరు చెయ్యడం. దానికి వ్యతిరేకం పెడచెవిన పెట్టడం. పెడ అంటే పక్కకి, వెనక్కి తిరిగి ఉన్నది, పెడమొహం, పెడతల లాగా. చెవి ఉంది, మాట అందులో పడింది, కానీ చెవిని అటు తిప్పేశాం. హీడ్ చెయ్యకపోవడానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు. పేపర్లో ‘హెచ్చరికలు బేఖాతరు’ అని హెడ్డింగ్ చూస్తారు, ఇంగ్లీషు పేపర్లో అదే ‘వార్నింగ్స్ వెంట్ అన్‌హీడెడ్’ అని వస్తుంది.

హీడ్ పక్కన ఏ మాటలు వస్తాయో చూసుకోండి: అడ్వైస్, వార్నింగ్, కాల్, లెసన్, రిక్వెస్ట్. అంటే ఎవరో ఏదో చెయ్యమనో వద్దనో చెప్పినవి. పాటని, రేడియోని, పిట్ట కూతని హీడ్ చెయ్యం, వాటికి లిజన్ టు. ఒబేతో కూడా కలపకండి. పోలీసు ఆపమంటే బండి ఆపడం ఒబే, అక్కడ చెప్పేవాడికి అధికారం ఉంది. ఆ మైకు ఆటో అబ్బాయికి మమ్మల్ని ఇంట్లోంచి లాగే అధికారం లేదు, నానమ్మకీ లేదు, చెప్పడం వరకే వాళ్ల పని, తీసుకోవడం మన చేతిలో ఉంది. అలాంటి చోట హీడ్. నోటీస్ అంటే కంటపడటం, గమనించడం, అంతవరకే.

ఒక చిన్న సంగతి, ఇది పరీక్షకి అక్కర్లేదు కానీ నాకు ఇష్టం. హీడ్‌కి జర్మన్‌లో చుట్టం వరస మాట ఒకటి ఉంది, హ్యూటెన్. దానికి అర్థం కాపాడటం, మందని కాయడం. గొర్రెల్ని కాసేవాడు కన్ను ఎలా వేసి ఉంచుతాడో, మాట మీద అలా కన్ను వేసి ఉంచడం అన్నమాట. ఇది తెలిసిన రోజు మళ్లీ మా ఆవే గుర్తొచ్చింది.

పలికేటప్పుడు దీర్ఘం ఉండాలి, నీడ్‌లో లాగా. పొట్టిగా అంటే హిడ్ అయిపోతుంది. మామూలు మాటల్లో దీన్ని పెద్దగా వాడరు, ఫ్రెండ్‌తో మాట్లాడుతూ ‘హీడ్ మై అడ్వైస్’ అంటే ఉపన్యాసంలా ఉంటుంది, ‘లిజన్ టు మి’ చాలు. వ్యాసంలో, వార్తలో, ఆఫీసు లెటర్లో అయితే బాగా కుదురుతుంది.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రోజు మధ్యాహ్నమే నాన్న కొత్త ఆవు పలుపు విప్పి, నానమ్మని బండి మీద ఎక్కించుకుని స్కూలుకి వెళ్లిపోయాడు. ఆటో ఇంకా మా వీధికి రానే లేదు. నేను అప్పటికి పలాసలో ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నాను, ఫోన్ చేస్తే ‘మేం ఎప్పుడో వచ్చేసినాం’ అన్నాడు. మర్నాడు క్లాసులో ‘మై ఫాదర్ హీడెడ్ ది వార్నింగ్’ అని బోర్డు మీద రాశాను.

ఇక మీ వాక్యం. హీడ్ క్రియగా వచ్చినప్పుడు టు అక్కర్లేదు, సలహా నేరుగా దాని పక్కనే కూర్చుంటుంది: ‘హి డిడ్ నాట్ హీడ్ మై అడ్వైస్.’ టు ఉండాల్సిందే అనిపిస్తే హీడ్‌ని నామవాచకం చేసి, ముందు పే పెట్టండి: ‘హి పెయిడ్ నో హీడ్ టు మై అడ్వైస్.’ టేక్‌తో అయితే ఆఫ్ వస్తుంది, ‘టేక్ హీడ్ ఆఫ్’. మీ టీచర్ కొట్టేసింది ఆ ఒక్క టు కోసమే అయి ఉంటుంది, అర్థం మీరు సరిగ్గానే పట్టుకున్నారు.